తేదీ వచ్చేదాకా



గుండెకు ఒకసారి స్టెంటు వేయించుకుని వచ్చి, మళ్ళీ రావాలని డాక్టరు చెబితే ఆ తేదీ కోసం ఇంట్లో కూర్చున్నవాళ్ళు మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో తక్కువేం లేరు. ఈ మాటలు వాళ్ళ కోసం, వాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం. నేనూ ఆ వరుసలో ఉన్నవాణ్ణే. కొన్నేళ్ళ కిందట ఒక రక్తనాళానికి స్టెంటు పడింది, ఇప్పుడు ఇంకో నాళం సంగతి చూడాలన్నారు. మందుల గురించి, పథ్యం గురించి చెప్పేవాళ్ళు మనకు చాలామందే ఉన్నారు. తేదీ రాసిన చీటీ జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి మళ్ళీ ఆసుపత్రి మెట్లెక్కేదాకా మనిషి లోపల ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ అడగరు.

మొదటిసారి మనల్ని ఎవరూ అడిగి తీసుకుపోలేదు. ఛాతీ పట్టేసింది, చెమటలు పోశాయి. ఇంట్లోవాళ్ళు గ్యాసనుకుని సోడా తాగించారు. తగ్గకపోయేసరికి 108కి ఫోన్ కొట్టారు. మహబూబ్‌నగర్ దాకా ఒక బండి, అక్కడ ఈసీజీ చూసి హైదరాబాద్ రాస్తే ఇంకో బండి. తెల్లారి చూసుకుంటే మణికట్టుకు బిగుతుగా పట్టీ ఉంది, పక్కన ఎవరో సంతకం పెట్టామంటున్నారు. భయపడటానికి తీరిక దొరకలేదు. రెండోసారి అట్లా కాదు. ఆ గది ఎంత చల్లగా ఉంటుందో ఇప్పుడు మనకు తెలుసు. మత్తు ఇచ్చి పడుకోబెట్టరనీ, చెయ్యి దగ్గర మాత్రమే మొద్దుబారుస్తారనీ, డాక్టర్ల మాటలన్నీ వినబడుతూనే ఉంటాయనీ తెలుసు. రంగు మందు ఎక్కించినప్పుడు ఒళ్ళంతా ఒక్కసారి వేడెక్కడం తెలుసు. బెలూన్ ఉబ్బించినప్పుడు ఆ కొన్ని క్షణాలు ఛాతీలో వచ్చే పట్టు కూడా గుర్తుంది. పోయినసారి చూసిందే కదా, ఈసారి భయమెందుకని చుట్టాలు అంటారు. చూసింది కాబట్టే రాత్రి కళ్ళు మూసుకుంటే ఒక్కొక్కటీ వరుసగా కనబడుతుంది.

పెద్ద భయానికి కింద ఇంకో బాధ ఉంటుంది. అది పైకి చెప్పుకోలేనిది. మొదటిసారి సరిగ్గా చేయలేదేమో అన్న అనుమానం ఒకటి, నేనే ఏదో తప్పు చేశానేమో అన్న కుంగుబాటు ఇంకొకటి. పండుగనాడు మటన్ తిన్నాను, అందుకే అయ్యింది. పత్తి చేనులో మందు కొట్టాను, బరువు ఎత్తాను, అందుకే అయ్యింది. ఇంట్లో ఎవరో ఒకరు ఆ మాట పైకి అంటారు కూడా. ఎవరూ అనకపోయినా మనమే అనుకుంటాం. ఈ నేరభావాన్ని ముందు దించుకోవాలి, ఎందుకంటే రెండోసారి పిలవడానికి కారణాలు చాలా ఉంటాయి, వాటిలో ఎక్కువ భాగం ఎవరి తప్పూ కాదు.

జూరాల కాలువ కింద సేద్యం చేసేవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒకచోట పూడిక తీస్తే నీళ్ళు పారతాయి. అదే కాలువలో ఇంకో మలుపు దగ్గర అప్పటికే పూడిక ఉంటే అది మళ్ళీ ఇంకోరోజు తీయాల్సిందే. గుండెపోటు వచ్చిన రాత్రి డాక్టర్లు ఆ పోటు తెచ్చిన నాళాన్ని ముందు తెరుస్తారు. మిగతా నాళాల్లో అడ్డు కనబడినా చాలామందికి ఆ రాత్రి ముట్టుకోరు. గుండె కోలుకున్నాక, కిడ్నీలు మొదటి రంగు మందును బయటికి పంపేశాక రమ్మంటారు. 31 దేశాల్లో నాలుగు వేల మందికి పైగా రోగుల మీద జరిగి 2019లో బయటికి వచ్చిన ఒక పెద్ద పరిశోధన ఈ సంగతినే చూసింది. పోటు తెచ్చిన నాళంతో ఆపేసినవాళ్ళ కంటే మిగతా నాళాలను కూడా తెరిపించుకున్నవాళ్ళకు తర్వాత గుండెపోట్లు తక్కువగా వచ్చాయి. ఆ రెండో పనిని ఆసుపత్రిలో ఉండగానే చేసినా, ఇంటికి పంపి నెలా నెలన్నర లోపల పిలిచి చేసినా లాభం కనబడింది. డాక్టరు ఆలోచించి ఇచ్చిన తేదీ అయితే, ఆ నడిమి వారాలు మన ప్రాణం మీదికి తెచ్చే ఆలస్యం కాదని నేను దీన్నిబట్టి అర్థం చేసుకున్నాను. మీ గుండెకు ఎంతకాలం ఆగవచ్చో మాత్రం మీ డాక్టరు నోటే వినాలి.

కొందరికి పాత స్టెంటు లోపలే మళ్ళీ కండ పెరిగి దారి సన్నబడుతుంది. ఇదీ కొత్తది కాదు. 1977 సెప్టెంబర్ 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ అనే డాక్టరు ప్రపంచంలో మొదటిసారిగా మెలకువగా ఉన్న మనిషి గుండె నాళంలోకి బెలూన్ పంపి తెరిచాడు. ఆ మొదటి రోగికి అప్పటికి నలభై ఏళ్ళు నిండలేదు. పదేళ్ళ తర్వాత చూసినా ఆ నాళం తెరుచుకునే ఉంది. అయితే అందరికీ అట్లా కాలేదు. బెలూన్ ఒక్కటే ఉన్న ఆ కాలంలో ముగ్గురిలో దాదాపు ఒకరికి ఆరు నెలల లోపలే మళ్ళీ మూసుకునేది. అందుకే 1986లో స్టెంటు వచ్చింది, ఈ శతాబ్దం మొదట్లో మందు పూసిన స్టెంట్లు వచ్చాయి. మన హైదరాబాద్‌లోనే 1990 దశకంలో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి తక్కువ ఖర్చులో స్టెంటు తయారుచేయించారు. మళ్ళీ మూసుకునే బాధ ఇప్పుడు చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. మిగిలిన ఆ కొద్దిమందిలో మనం ఉన్నామంటే దానికి మన నడవడికే కారణమని అనుకోనక్కరలేదు. షుగరు ఉన్నవాళ్ళకు, నాళాలు సన్నగా ఉన్నవాళ్ళకు అది ఎక్కువగా వస్తుంది. బీడీ మానేయడం, మాత్రలు వేళకు వేసుకోవడం మన చేతిలో ఉన్నవి. ఆ రెండూ గట్టిగా పట్టుకుంటే చాలు, మిగతా నిందలు మోయొద్దు. పేస్‌మేకర్ బ్యాటరీ మార్పించుకునేవాళ్ళూ, చిన్నప్పటి కీళ్ళజ్వరంతో కవాటం బిగుసుకుపోయి బెలూన్‌తో ఒకసారి తెరిపించుకుని ఏళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళేవాళ్ళూ కూడా మనలాగే మళ్ళీ తేదీ కోసం ఎదురుచూసేవాళ్ళే.

ఇక ఆ తేదీ ఎందుకు జరుగుతూ ఉంటుందో కూడా చెప్పుకోవాలి. ఎందుకంటే మనవాళ్ళను ఎక్కువగా నలిపేది అదే. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిందని ఒకసారి, షుగరు అదుపులో లేదని ఒకసారి, బెడ్ లేదని ఒకసారి, ఆరోగ్యశ్రీ అనుమతి ఇంకా రాలేదని ఒకసారి. ఆరోగ్యశ్రీకి పాలమూరుతో పాత బంధం ఉంది. 2007 ఏప్రిల్ 1న ఆ పథకం మొదలైంది మూడే మూడు జిల్లాల్లో: అనంతపురం, శ్రీకాకుళం, మన పాలమూరు, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్. కూలి చేసుకునే మనిషి గుండెకు స్టెంటు వేయించుకోవడం అన్నది మన ఊళ్ళలో అప్పటినుంచే ఊహకు అందింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరకు హద్దు పెట్టింది. అప్పుడు పెట్టిన హద్దు మామూలు స్టెంటుకు 7,260 రూపాయలు, మందు పూసినదానికి 29,600. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. డబ్బు బుగులు కొంత తగ్గింది, కానీ అనుమతి కోసం ఎదురుచూపు ఉండనే ఉంటుంది. ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను కలిసి, కాగితం ఎక్కడిదాకా వచ్చిందో, తేదీ మారితే ఎవరు ఫోన్ చేస్తారో అడిగి నంబరు రాయించుకోవాలి. గద్వాలకు, అలంపూర్‌కు కర్నూలు దగ్గర, హైదరాబాద్ దూరం. కర్నూలు పోవాలనుకునేవాళ్ళు మన కార్డు అక్కడ చెల్లుతుందో లేదో ముందే తేల్చుకోవాలి. నల్లమల అంచున అమ్రాబాద్ పక్క ఊళ్ళలో ఫోన్ సిగ్నల్ అందని చోట్లున్నాయి, అక్కడివాళ్ళు అచ్చంపేటలోనో నాగర్‌కర్నూలులోనో ఉన్న చుట్టం నంబరు కూడా ఇచ్చి రావాలి. ఫోన్ వచ్చిందేమో, మనకు అందలేదేమో అన్న అనుమానం ఒక్కటి తీరినా రాత్రి కొంచెం నిద్ర పడుతుంది.

రాత్రి సంగతికే వస్తాను. పగలు పని ఉంటుంది, పక్కన మనుషులుంటారు. రాత్రి పది దాటాక ఇల్లంతా పడుకుంటుంది. ఎడమవైపు తిరిగి పడుకుంటే చెవిలో గుండె చప్పుడు వినబడుతుంది. వినడం మొదలుపెట్టామా, అది పెరుగుతుంది. భయం పుట్టగానే ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది, అది గుండెను తొందర పెడుతుంది, ఆ తొందర చూసి మనం ఇంకా భయపడతాం. ఛాతీ కండరాలు బిగుసుకుంటాయి, ఊపిరి పైపైన ఆడుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఇవన్నీ నిజంగా జరుగుతాయి. మనం ఊహించుకున్నవి కావు, నటన అసలే కాదు.

ఇది రందితో వచ్చిన దడా, గుండె నుంచి వచ్చిన నొప్పా అన్నది ఎట్లా తెలుస్తుంది? ఈ ప్రశ్న నన్ను అడిగితే నా జవాబు ఒక్కటే: ఇంట్లో కూర్చుని మనం తేల్చొద్దు. ఛాతీ మీద బరువు పెట్టినట్టు నొప్పి కొన్ని నిమిషాలైనా తగ్గకుండా ఉంటే, దవడకో, ఎడమ చేతికో, వీపుకో పాకితే, చల్లని చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే 108. నాలుక కింద పెట్టుకునే మాత్ర డాక్టరు ఇచ్చి ఉంటే ఆయన చెప్పినట్టే పెట్టుకోవాలి. తేదీ ఇంకా పది రోజులుంది కదా అని ఆగేది లేదు. అక్కడికి పోయాక ఏమీ లేదంటే సంతోషంగా తిరిగి రావచ్చు, సిగ్గు పడాల్సిన పని లేదు. ఊరికే గాబరా పడుతున్నాడని అనేవాళ్ళ మాట పట్టించుకోకండి. ఎప్పుడు లేచి పోవాలో ఒకసారి గట్టిగా తెలుసుకుంటే, మిగతా చిన్నచిన్న దడలను ప్రతిసారీ పరీక్షించుకునే అలవాటు మెల్లగా వదులుతుంది.

ఆ చిన్న దడలకు ఊపిరి సాయం చేస్తుంది. లేచి గోడకు ఆనుకుని కూర్చుని, ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి లోపలికి తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలాలి. నిమిషానికి ఆరుసార్లు అవుతుంది. ఊపిరి నిదానంగా వదిలినప్పుడు గుండె వేగాన్ని తగ్గించే నరం పనిచేస్తుంది. ఐదు నిమిషాలు చేస్తే తేడా తెలుస్తుంది. కళ్ళు తిరిగితే ఆపేయాలి. ఇంకొకటి, రందికి పగటిపూట ఒక వేళ పెట్టడం. సాయంత్రం ఒక పావుగంట కూర్చుని మనసులో ఉన్నవన్నీ కాగితం మీద రాయాలి, రాయడం రానివాళ్ళు మనవడికో మనవరాలికో చెప్పి రాయించాలి. రాత్రి అదే ఆలోచన వస్తే, రేపు సాయంత్రం చూద్దామని పక్కకు పెట్టాలి. మొదట్లో కుదరదు, కొన్నాళ్ళు పడుతుంది. నాకు ఇది బాగా పనికొచ్చింది కాబట్టి చెబుతున్నాను.

ఇప్పుడు మన ప్రాంతంలో అందరికీ తెలిసి కూడా ఆసుపత్రిలో ఎవరూ చెప్పని ఒక విషయం మాట్లాడాలి. కల్లు. పొద్దంతా కష్టపడి సాయంత్రం కల్లు దుకాణం దగ్గర కూర్చునే అలవాటు మన దగ్గర ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఉంది. చెట్టు నుంచి దింపిన కల్లు వేరు. మందు కలిపిన కల్లు వేరు, అందులో అల్‌ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారు. అవి తాగితే భయం అణిగినట్టు ఉంటుంది. అందుకే గుండెకు మళ్ళీ పోవాలన్న బుగులు ఉన్న మనిషి ఇంకో సీసా ఎక్కువ తాగుతాడు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు చేసి ఒక్కసారిగా ఆపేసినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో ఏమైందో గుర్తుందా? చేతులు వణుకుతూ, ఫిట్స్ వస్తూ, లేనివి కనబడుతున్నాయని అరుస్తూ జనం ఆసుపత్రులకు వచ్చారు. అలవాటైన ఒంటికి ఆ మందు ఒక్కసారిగా అందకపోతే అట్లా అవుతుంది.

మీరు ఆసుపత్రిలో చేరిన రెండో రోజు కూడా సరిగ్గా అదే జరగవచ్చు. వార్డులో కల్లు దొరకదు. వణుకు, చెమట, దడ మొదలవుతాయి. చూసేవాళ్ళు గుండె వల్ల అనుకుంటారు, లేదా పిరికితనం అనుకుంటారు. అందుకని చేరేముందే డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాలి: ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నారు, రోజూ ఎంత, ఆఖరిసారి ఎప్పుడు. మీరు చెప్పలేకపోతే మీ భార్యో కొడుకో చెప్పాలి. ఇంట్లో ఒక్కసారిగా మానేసి వెళ్ళడం కూడా ప్రమాదమే, డాక్టరు చెప్పిన పద్ధతిలో తగ్గించుకోవాలి. సారాకూ బ్రాందీకీ కూడా ఇదే మాట. ఎవరైనా మిమ్మల్ని తక్కువ చేసి చూస్తారని భయపడొద్దు. పోయే ప్రాణం ముందు ఆ సిగ్గు ఏపాటిది?

మొక్కుల గురించి కూడా ఒక మాట. హైదరాబాద్ బస్సు బీచుపల్లి వంతెన మీదికి రాగానే ఆంజనేయస్వామికి దండం పెట్టుకోని మనిషి ఉండడు. నేనూ పెట్టుకుంటాను, దానితో మనసు కుదుటపడుతుంది. ఉపవాసం మొక్కుకున్నవాళ్ళు మాత్రం, షుగర్ మాత్రలు వాడుతుంటే, ముందు డాక్టరును అడగాలి. రక్తం పల్చబడే మాత్రలను ఏ కారణానికీ సొంతంగా ఆపొద్దు. స్టెంటు పడ్డవాళ్ళకు వాటిని ఆపితే స్టెంటులో గడ్డ కట్టే ప్రమాదం ఉంది.

ఇంట్లోవాళ్ళతో ఇప్పుడు మాట్లాడతాను. మన దగ్గర సాయంత్రం పుణె నుంచో ముంబై నుంచో కొడుకు ఫోన్ చేస్తాడు.

"నాయినా, మంచిగున్నవా?"

"మంచిగున్న బిడ్డా. నువ్వు తిన్నవా?"

"ఏం రంది పెట్టుకోకు నాయినా. ఏం గాదు."

"నాకేం రంది? నేను మంచిగనే ఉన్న."

ఫోన్ పెట్టేశాక ఇద్దరికీ నిద్ర ఉండదు. కొడుకు అన్నది ప్రేమతోనే, తండ్రి దాచింది కూడా ప్రేమతోనే. ఏం గాదు అన్న మాట వినగానే ఇక తండ్రికి చెప్పుకునే చోటు మూసుకుపోతుంది. నాకు భయంగా ఉంది అంటే కొడుకు పని వదిలి వస్తాడు, రోజు కూలి పోతుంది అని ఆలోచిస్తాడు. నేను కోరేది చిన్నది. ధైర్యం చెప్పేముందు ఒక ప్రశ్న అడగండి. "నాయినా, నీకు దేని మీద ఎక్కువ బుగులుంది?" అని అడిగి ఊరుకోండి. ఆయన వెంటనే చెప్పడు. ఆగండి. చెప్పింది వింటే మీరు ఆశ్చర్యపోతారు. చావు గురించి కాకుండా ఎన్నో చిన్న విషయాలు బయటికి వస్తాయి. పోయినసారి మూత్రం వస్తే నర్సమ్మను అడగలేకపోయాను అంటారు. బ్యాంకులో పట్టా పాసుబుక్కు పెట్టిన సంగతి మీ అమ్మకు తెలియదు అంటారు. చిన్నదాని పెళ్ళి మాటలు నడుస్తున్నాయి, నేను జబ్బు మనిషినని తెలిస్తే వెనక్కి పోతారేమో అంటారు. వీటిలో చాలావాటికి అప్పటికప్పుడే ఏదో ఒక దారి దొరుకుతుంది.

ఆడవాళ్ళ విషయం ఇంకా కష్టం. ఇంటి ఇల్లాలికి తేదీ వస్తే ఆమె తన గుండె గురించి కంటే పొయ్యి గురించి, బర్రెల గురించి ఆలోచిస్తుంది. నాట్లు అయిపోనీ, పల్లికాయ పీకడం అయిపోనీ అని తానే తేదీని వెనక్కి నెడుతుంది. భయాన్ని పని కింద దాచే పద్ధతి అది. ఆ ఇంట్లో మగవాళ్ళు పని పంచుకుని, ఏ రోజు ఎవరు వండుతారో, బర్రెలకు మేత ఎవరు వేస్తారో ముందే ఆమెకు చెప్పాలి. నువ్వేం ఆలోచించకు అని ఊరికే అంటే ఆమె నమ్మదు, నమ్మాల్సిన అవసరమూ లేదు.

రెండోసారి వెళ్ళి వచ్చిన ఒకాయన సంగతి చెబుతాను. మన్మోహన్ సింగ్‌కు 1990లో ఒకసారి బైపాస్ అయ్యింది. ప్రధానమంత్రిగా ఉండగా 2009 జనవరి 24న ఢిల్లీ ఎయిమ్స్‌లో ఛాతీ మళ్ళీ తెరిచి రెండోసారి బైపాస్ చేశారు. అప్పటికి ఆయనకు 76 ఏళ్ళు. ఒకసారి కోసిన ఛాతీని మళ్ళీ తెరవడం మన స్టెంటు కంటే ఎన్నో రెట్లు పెద్ద పని. అదే ఏడాది మే 22న ఆయన మళ్ళీ ప్రధానిగా ప్రమాణం చేశారు, ఆ తర్వాత పదిహేనేళ్ళకు పైగా బతికి 92 ఏళ్ళ వయసులో 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు. ఆయనకు దొరికిన వైద్యం అందరికీ దొరకదు, నిజమే. రెండోసారి అంటే ఆఖరిసారి అని మన రచ్చబండల మీద అనుకునే మాట తప్పని చెప్పడానికే ఆయన పేరు తెచ్చాను.

ఊపిరికీ, మాటకూ లొంగని భయం కొందరికి ఉంటుంది. వరుసగా రాత్రుళ్ళు నిద్ర లేకపోవడం, తిండి సయించకపోవడం, ఆసుపత్రికి పోనే పోనని మొండికేయడం, బతికి ఏం లాభం అన్న మాట నోట రావడం. అప్పుడు ఆగొద్దు. 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ అది, 2022లో మొదలైంది. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు అడగరు, తెలుగులో మాట్లాడతారు. వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటి ఆసుపత్రుల్లో మానసిక వైద్యుల్ని కలిసే ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో అడగండి. గుండె మందులతో పాటు వాడదగిన భయం మందులు ఉన్నాయి, గుండె డాక్టరుకు తెలిసేలా వాడాలి. మెడికల్ షాపులో సొంతంగా నిద్రమాత్ర కొనుక్కోవద్దు.

తేదీకి ముందు డాక్టరును చూసినప్పుడు మనకు నోరు పెగలదు. బయట వరుస పొడుగ్గా ఉంటుంది, ఆయన తొందరలో ఉంటాడు. అందుకని నేను ఒక చీటీ రాసుకున్నాను. మీకు పనికొస్తే రాసుకోండి, చదువుతాను. ఈసారి ఏ నాళానికి చేస్తారు, ఎందుకు? ఈ లోపల నేను ఎంత దూరం నడవొచ్చు, చేనుకు పోవచ్చా? ఏ మాత్రలు ఆపాలి, ఏవి అస్సలు ఆపకూడదు? తేదీ మారితే నాకు ఎవరు చెబుతారు? ఏ నొప్పి వస్తే తేదీ దాకా ఆగకుండా రావాలి? చేసేటప్పుడు నాకు నొప్పి పుడితే పైకి చెప్పవచ్చా? ఆఖరిది పెద్ద అక్షరాలతో రాశాను, చదవడం మర్చిపోకుండా. రాత్రిళ్ళు నాకు చాలా భయమేస్తోంది డాక్టర్ గారూ, దానికి మందు మీరే ఇస్తారా, ఇంకెవరినైనా చూడమంటారా?